నూట పన్నెండు బిట్లలో విమానం

శంషాబాద్‌లో దిగబోయే విమానం తానెక్కడుందో ఎవరూ అడక్కుండానే సెకనుకు దాదాపు రెండుసార్లు 1090 మెగాహెర్ట్జ్‌పై చెబుతూనే ఉంటుంది. ఈ పద్ధతి పేరు ఏడీఎస్-బి. దీనికి పునాది అయిన రేడియో సందేశ పద్ధతి మోడ్-ఎస్‌ను 1970లలో అమెరికాలోని ఎంఐటీ లింకన్ లేబొరేటరీ రూపొందించింది.

ఒక్కో సందేశం 112 బిట్లు. అంటే 14 ఇంగ్లిష్ అక్షరాలు పట్టేంత చోటు. విమానం గుర్తింపు సంఖ్యకు 24 బిట్లు, దారిలో తప్పులు దొర్లాయేమో చూసుకోవడానికి మరో 24, సందేశం రకం చెప్పడానికి 8 పోతాయి. మిగిలిన 56లో ఎత్తుకు 12, చిల్లర వివరాలకు 10. అక్షాంశ రేఖాంశాలకు దక్కేది 34. అయిదు మీటర్ల తేడాతో భూమ్మీద ఏ చోటైనా చెప్పాలంటే 45 కావాలి.

అసలు పనితనం ఇక్కడే ఉంది. విమానం తన పూర్తి చిరునామా చెప్పదు. మన సంవత్సరాల పేర్లలాగే అనుకోండి: ‘ప్రభవ’లో పుట్టానని ఒకరంటే అది 1927లోనా, 1987లోనా అన్నది తేలదు. అలాగే భూమిని సుమారు ఆరేసి డిగ్రీల పట్టీలుగా కోసి, ఏదో ఒక పట్టీలో తానెంత దూరం వచ్చిందో మాత్రమే చెబుతుంది. ఏ పట్టీయో తేలేదెలా? ఒక సందేశంలో భూగోళం చుట్టూ 60 పట్టీల లెక్క, మరో దాంట్లో 59 పట్టీల లెక్క వాడుతుంది. శంషాబాద్ మీద మొదటి లెక్కలో పట్టీలో 87 శాతం దాటినట్టు, రెండో లెక్కలో 82కు కాస్త పైన దాటినట్టు వస్తుంది. భూమధ్యరేఖ నుంచి దూరమయ్యేకొద్దీ ఈ తేడా పెరుగుతుంది కాబట్టి, తేడా చూస్తే పట్టీ తెలిసిపోతుంది. ఒకసారి తెలిశాక విమానం వందల కిలోమీటర్లు దూకలేదు గనక తర్వాత ఒక్కో సందేశం చాలు. ఇంత పొదుపైన లెక్క నేను మరెక్కడా చూడలేదు.

ఇంకో చక్కని పని: సందేశాల మధ్య ఎడం కచ్చితంగా అరసెకను ఉండదు. 0.4 నుంచి 0.6 సెకన్ల మధ్య కావాలనే అటూఇటూ మారుతుంది. లేకపోతే ఒకసారి ఢీకొన్న రెండు విమానాల సందేశాలు ప్రతిసారీ ఢీకొంటూనే ఉంటాయి.

లోపమూ చెప్పాలి. పంపింది నిజంగా ఆ విమానమేనా అని రుజువు చేసే బిట్ ఒక్కటీ ఇందులో లేదు. ఎవరైనా దొంగ సందేశం పంపవచ్చు. ఆ ఫ్రీక్వెన్సీలో చోటు కూడా అయిపోతోంది. అందుకే అమెరికా తన 2021 నిబంధనల్లో చిన్న డ్రోన్లు సాధారణంగా ఏడీఎస్-బి ప్రసారం చేయకూడదంది. వేలాది డ్రోన్లు ఒకేసారి మాట్లాడితే విమానాల గొంతు వినిపించదు. డ్రోన్ల గుర్తింపు వైఫై, బ్లూటూత్‌ల మీద సాగుతోంది.

డ్రోన్ల కోసం కొత్త సందేశాలు రూపొందించాలనుకునే మన ఇంజినీరింగ్ విద్యార్థులు ముందు కాగితం, పెన్ను తీసుకుని ఈ 34 బిట్ల లెక్కను తమ ఊరి అక్షాంశంతో ఒకసారి చేసి చూడాలి.