నిమిషం ఆగి చూసే కన్ను

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అది క్యాన్సర్ కాకముందే పట్టుకునే పరీక్షల్లో చాలా చౌకైనది వెనిగర్ పరీక్ష. డాక్టర్లు వీఐఏ అంటారు. ల్యాబ్ అక్కర్లేదు, రిపోర్టు కోసం మళ్లీ తిరగక్కర్లేదు. మంచి వెలుతురు, లోపల కనబడేలా తెరిచి పట్టే స్పెక్యులమ్, దూది, వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లం ఉంటే చాలు. సామాను ఇంత తక్కువ కాబట్టే పరీక్ష భారమంతా చేసే మనిషి చేతి మీదా కంటి మీదా పడుతుంది.

పని వచ్చిన నర్సు ఎవరో ద్రావణం దగ్గరే తెలిసిపోతుంది. 5 మిల్లీలీటర్ల గాఢ ఆమ్లాన్ని 95 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో కలుపుతుంది, ఏ రోజుది ఆ రోజే. పలచనైతే జబ్బును చూపే తెల్ల మచ్చ తేలదు, చిక్కనైతే మంట పుడుతుంది. వచ్చినావిడను ముందు మూత్రానికి వెళ్లి రమ్మంటుంది. స్పెక్యులమ్‌ను గోరువెచ్చని నీళ్లలో ముంచి తీస్తుంది. చల్లటి స్టీలు తగిలితే ఒళ్లు బిగుసుకుంటుంది, బిగుసుకుంటే నొప్పి. ఒకసారి నొప్పి పడ్డావిడ మళ్లీ రాదు, పక్కింటావిడనూ రానివ్వదు. "కాళ్లు వదులుగా పెట్టమ్మా, నోటితో గాలి తీసుకో" అని నెమ్మదిగా చెప్పే ఆ గొంతు కూడా నా దృష్టిలో పరికరమే.

ముఖద్వారం పూర్తిగా కనబడ్డాక జిగురు తుడిచి, ద్రావణంలో తడిపిన దూదిని మెత్తగా అద్దుతుంది. తర్వాత గడియారం చూసుకుని నిండా ఒక నిమిషం ఆగుతుంది. ఈ ఆగడంలోనే పనితనమంతా ఉంది. దారి తప్పుతున్న కణాల్లో కేంద్రకాలు పెద్దవి, ప్రోటీన్లు ఎక్కువ. ఆమ్లం తగిలితే ఆ ప్రోటీన్లు కాసేపు గడ్డకట్టి, కాంతిని లోపలికి పోనివ్వక తెల్లగా కనిపిస్తాయి. చుట్టూ ఉన్న ఆరోగ్యకరమైన పొర గులాబీ రంగులోనే ఉంటుంది. తొందరపడితే మచ్చ ఇంకా తేలదు, మరీ ఆలస్యమైతే వెలిసిపోతుంది.

తెలుపంతా జబ్బు కాదు. అంచు తెలియని లేత మసక, చిన్న తిత్తుల బొడిపెలు లెక్కలోకి రావు. లోపలి పొర, బయటి పొర కలిసే గీతను ఆనుకుని, చిక్కగా, అంచు తేలి నిలిచిన తెలుపే పాజిటివ్. ఆ తేడా పుస్తకం చదివితే రాదు, చూడగా చూడగా కుదరాల్సిందే.

దీనికి పెద్ద డిగ్రీ అవసరం లేదని ముంబై బస్తీల్లో తేలింది. 1998లో టాటా మెమోరియల్ ఆసుపత్రి లక్షన్నర మంది మహిళలతో అధ్యయనం మొదలుపెట్టింది. పరీక్ష చేసింది పదో తరగతి చదివి, నాలుగు వారాల శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు. రెండేళ్లకోసారి చూస్తే ఈ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయని 2013లో ప్రకటించారు. అయితే 2009లో వెలువడిన ఉస్మానాబాద్ అధ్యయనంలో ఒక్కసారి చేసిన వీఐఏతో మరణాలు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు, ఈ క్యాన్సర్‌కు కారణమైన వైరస్‌ను వెతికే హెచ్‌పీవీ పరీక్షతో తగ్గాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పుడు మొగ్గుతున్నదీ హెచ్‌పీవీ పరీక్ష వైపే, అది సబబే. ముట్లుడిగాక రెండు పొరలు కలిసే ఆ గీత లోపలికి జరిగిపోతుంది కాబట్టి, ఆ వయసు వాళ్లకు వీఐఏ అంతగా పనికిరాదు కూడా. హెచ్‌పీవీ పరీక్ష ఇంకా అందని చోట మాత్రం, 30 దాటిన స్త్రీకి అయిదేళ్లకోసారి ఈ చెయ్యే దిక్కు.

మచ్చ కనబడినప్పుడు మంచి నర్సు కంగారు పెట్టదు. ఇది క్యాన్సర్ అని కాదని, కాల్పోస్కోపీతో దగ్గరగా చూస్తారని, అవసరమైతే ఆ భాగాన్ని వేడితోనో చలితోనో తొలగిస్తారని విడమరిచి చెబుతుంది. ఫోన్ నంబరు రిజిస్టర్‌లో రాసుకుని, ఆవిడ పెద్దాసుపత్రికి వెళ్లిందో లేదో వారం తిరక్కుండా ఫోన్ చేసి కనుక్కుంటుంది.