గుడ్లకొచ్చిన ఊసరవెల్లి

పిల్లలు జీవాలతో కలిసి పెరగాలన్నది ఈ కాలమ్ పాత పాటే. కోడిని పొదగేసిన ఇంట్లో, మేకను ఈనించిన ఇంట్లో పిల్లలకు ఓపిక దానంతట అదే వస్తుంది. ఆ మాట చదివిన కాగజ్‌నగర్ కుర్రాడొకడు ఈ వారం అట్టపెట్టె తెరిచి ఊసరవెల్లిని చూపించాడు. పత్తిచేను గట్టు మీద దొరికిందట. జోడీ తెచ్చి పిల్లల్ని చేయిస్తానన్నాడు. విషం లేకపోయినా, కనబడితే చాలు రాళ్లేసే చోట అంత ప్రేమ ముచ్చటేసింది.

కానీ దాని పొట్ట నిండుగా ఉంది. ముందుకాళ్లతో పెట్టె మూలను అదేపనిగా గీరుతోంది.

గుడ్లకొచ్చిన ఊసరవెల్లి చెట్టు దిగి నేల తవ్వుతుంది. తవ్వే చోటు దొరక్కపోతే గుడ్లు లోపలే నిలిచిపోయి తల్లి ప్రాణం పోవచ్చు. విదేశాల్లో పెంచేవాళ్లు అందుకే అడుగు లోతు తడి ఇసుక పెడతారు. అక్కడ ఎక్కువగా పెంచే యెమెన్ జాతి ఆడది మగతోడు లేకున్నా గుడ్లు పెడుతుంది. మేత, వేడి ఎక్కువైతే గుడ్లూ పెరుగుతాయి; వాటికి కావలసిన కాల్షియం తల్లి ఒంట్లోంచే పోతుంది. అతినీలలోహిత కిరణాలు అందకపోతే తిన్న కాల్షియం ఒంటికి పట్టదు. కిటికీ అద్దం వాటిని చాలావరకు ఆపేస్తుంది. కాల్షియం పట్టకపోతే కాళ్లు వంకర్లు పోతాయి, దవడ మెత్తబడుతుంది, నాలుక పురుగును అందుకోలేదు. గిన్నెలో నీళ్లు పెట్టినా సాధారణంగా తాగదు. ఆకుల మీది చుక్కలే నాకుతుంది. కళ్లు లోతుకు పోయాయంటే దాహంతో ఉన్నట్టే.

జోడీ కట్టి పిల్లల్ని చేయిస్తేనే జాతి నిలుస్తుందా? ఇక్కడ బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్ట గుర్తుకు రావాలి. 2013లో అక్కడ పొడుగుముక్కు రాబందుల గూళ్లు బయటపడ్డాయి. వాటిని ఎవరూ పంజరంలో పెట్టి జోడీ కట్టలేదు. నిటారు కొండ ఉంది, కింద నీళ్లున్నాయి, మనిషి అలికిడి తక్కువ. దానికి తోడు, రాబందుల కిడ్నీలను పాడుచేసే డైక్లోఫెనాక్ మందును పశువులకు వాడకూడదని కేంద్రం 2006లోనే నిషేధించింది. ఆ జాతి నిలవాలంటే ముందు ఆ చోటు నిలవాలి.

అందుకే జీవాల్ని పెంచమని చెప్పే ఈ కాలమ్ కూడా ఊసరవెల్లిని మాత్రం పెంచొద్దంటోంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టుకోవడం నేరం కూడా. దాని చోటూ నిలవాలంటే రైతులు గట్ల మీది పొదలు కొన్నైనా ఉంచాలి, వాటికి నిప్పు పెట్టొద్దు. దెబ్బ తగిలిన ఊసరవెల్లి కనిపిస్తే ఇంటికి తేకుండా అటవీశాఖ వాళ్లకు కబురు చేయండి.