కుడి నుంచి ఎడమకు నడిచే సమీకరణం

హీబ్రూ వాక్యం మధ్యలో, ఖాళీ వదలకుండా 5-3 అని టైప్ చేస్తే తెరమీద అలాగే కనిపిస్తుంది. అరబ్బీ వాక్యంలో అదే కొడితే 5 కుడికీ 3 ఎడమకీ పోతాయి. లెక్కను ఎడమ నుంచి చదివే అలవాటున్నవాళ్లకు అది మూడులోంచి అయిదు తీసివేత! ఇందులో కంప్యూటర్ పొరపాటేమీ లేదు. అరబ్బీ అక్షరం తర్వాత వచ్చే అంకెలను ఒకలా, హీబ్రూ అక్షరం తర్వాత వచ్చేవాటిని మరోలా చూడమని యూనికోడ్ నియమాల్లోనే ఉంది. మామూలు రాతకు అవి చాలు, లెక్కల పుస్తకానికి చాలవు. సూత్రం ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ముగుస్తుందో, ఎటు నడుస్తుందో కంపోజ్ చేసేవారే చెప్పాలి.

ఎటు నడవాలన్నది దేశాన్ని బట్టి ఉంటుంది. మొరాకోలో పాఠం అరబ్బీలో కుడి నుంచి సాగినా, సూత్రాలు ఫ్రెంచి పద్ధతిలో ఎడమ నుంచే నడుస్తాయి. ఇరాన్‌లో అంకెలు పారశీకానివి, దిశ మాత్రం మనదే. ఈజిప్టు బడిపుస్తకాల సంప్రదాయంలో సమీకరణం మొత్తం కుడి నుంచి వస్తుంది. ఎక్స్ స్థానంలో సీన్, వై స్థానంలో సాద్ అక్షరాలుంటాయి. వర్గమూలం గుర్తు అద్దంలో చూసినట్టు తిరిగి ఉంటుంది. అవధికి (లిమిట్‌కు) రాసే అరబ్బీ మాట, కింద రాసిన షరతు ఎంత పొడవుంటే అంత సాగుతుంది. అక్షరాల మధ్య గీతను అలా సాగదీయడాన్ని కషీదా అంటారు. లేఖకుడి కలం అందంగా వంచే ఆ గీతను యంత్రం చేత గీయించడం చిన్న పని కాదు. మరాకెష్‌లోని ఖాదీ అయాద్ విశ్వవిద్యాలయంలో అజ్జెద్దీన్ లజ్రక్ బృందం దానిమీద ఏళ్ల తరబడి పనిచేసింది. అరబ్బీ గణిత అక్షరాలకు యూనికోడ్‌లో 2012లో ప్రత్యేక స్థానం దొరికింది.

లెక్కల పుస్తకాలు కంపోజ్ చేసే టెక్ అనే సాఫ్ట్‌వేర్‌కు మొదట్లో ఎడమ నుంచి కుడికి నడవడమే తెలుసు. దాన్ని సృష్టించిన డోనల్డ్ నూత్, పియర్ మెకేతో కలిసి 1987లో రెండోవైపు దారి చూపించాడు. ఉపాయం చాలా సులువు. పేరాను ముందు చదివే వరుసలోనే పంక్తులుగా విరగ్గొట్టాలి, తిప్పాల్సిన ముక్కలను ఆ తర్వాత ఏ పంక్తికా పంక్తిలోనే తిప్పాలి. ముందే తిప్పేసి తర్వాత విరిస్తే వాక్యం మొదలు కింది పంక్తిలోకి జారిపోతుంది. ఇప్పటికీ పునాది ఇదే.

అయినా ఒక చిక్కు మిగిలింది. అరబ్బీ పేరాలో ఎడమ నుంచి నడిచే సూత్రం పంక్తి చివర విరిగిందనుకోండి. మొదటి సగం ఎడమ అంచున మొదలై, లోపలికి నడిచి, ముందున్న అరబ్బీ మాటకు తగిలి ఆగుతుంది. రెండో సగం కింది పంక్తిలో కుడి కొసన ఉంటుంది. దాన్ని వెతుక్కోవడం పాఠకుడి వంతు. పని తెలిసినవాళ్లు సూత్రాన్ని అక్కడ విరగనివ్వరు, విడిగా ఒక పంక్తిలో పెడతారు.

ఇక ప్యాకేజీల గొడవ. టెక్ మీద కట్టిన లేటెక్‌లో అదనపు సౌకర్యాలు ప్యాకేజీలుగా వస్తాయి, ప్రతి ప్యాకేజీ తనకు కావలసిన ఆదేశాలను తిరగరాస్తుంది. గణితానికి వాడే ఏఎంఎస్‌మ్యాథ్ సమీకరణాల వరుసలను, పక్కన వేసే సంఖ్యలను తన పద్ధతిలో అమర్చుతుంది. పేజీ దిశ మారితే ఆ సంఖ్య ఏ అంచున ఉండాలి, వరుసల్లో మొదటి నిలువు ఏది? జీటెక్ అనే టెక్ రూపం కోసం వఫా ఖలీఘీ రాసిన బైడై ప్యాకేజీ ఇటువంటి లోపలి ఆదేశాలను ఒక్కొక్కటిగా మార్చుకుంటూ పోతుంది. అందుకే అది మిగతావాటి తర్వాత రావాలంటుంది, ఏఎంఎస్‌మ్యాథ్‌ను దాని వెనక పిలిస్తే పని ఆపేసి వరుస మార్చమంటుంది. లింకులు వేసే హైపర్‌రెఫ్ కూడా చివర్లో ఉండాలనే రకమే. భాషలను అమర్చే పాలీగ్లోసియా ప్యాకేజీలో అరబ్బీ ఎంచుకుంటే బైడై మనకు చెప్పకుండానే లోపలికి వస్తుంది, పిలవని ప్యాకేజీ మీద తప్పు ఎలా పట్టుకుంటాం? అసలు ప్యాకేజీ కొత్త రూపంలో వచ్చినప్పుడల్లా అతుకు ఊడే ప్రమాదం ఉండనే ఉంది. ఖలీఘీ ఓపికకు దణ్ణం పెట్టాలి, కానీ ఎల్లకాలం అతుకులతో నెట్టుకురాలేం. దిశ ఇంజిన్‌లోనే ఉండాలి. లువాటెక్ అనే ఇంజిన్‌లో పేజీకి, పేరాకు, మాటలకు, గణితానికి వేర్వేరుగా దిశ చెప్పే వీలుంది. నా ఓటు దానికే.

హైదరాబాదుకూ ఇది పరాయి సంగతి కాదు. 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం ఇక్కడి దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థలో గణిత, విజ్ఞాన గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చారు. మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఇప్పటికీ ఆ భాషలోనే బోధిస్తోంది. ఉర్దూకు మరో ఇబ్బంది, నస్తలీక్. ఆ లిపిలో మాట కుడి పైనుంచి ఎడమ కిందికి వాలుతుంది, సమీకరణం మాత్రం నిటారు గీత మీద కూర్చుంటానంటుంది. రెండిటికీ ఎత్తు కుదరాలంటే పంక్తుల మధ్య ఎడం పెంచక తప్పదు.

ఉర్దూలో లెక్కల పాఠం కంపోజ్ చేయబోయేవారికి ఒక మాట. పాత ఫైలులోని ప్యాకేజీల జాబితాను యథాతథంగా ఎత్తిపెట్టకండి. ఒక పేరా, ఒక సూత్రం, ఒక పట్టికతో మొదలుపెట్టి, ప్యాకేజీలు ఒక్కొక్కటే చేర్చుతూ, చేర్చిన ప్రతిసారీ 5-3 ఎటు తిరిగిందో చూసుకోండి.