లారీకి చోటిచ్చే పాదం

ఫలానా అక్షరాలున్న ఇంగ్లీషు పదం కావాలంటే ఇప్పుడు ఫోన్‌లో ఆ అక్షరాలు కొడితే చాలు, జాబితా వచ్చేస్తుంది. నల్లచెరువులో బస్సు కోసం నిలబడ్డ కాలేజీ పిల్లలూ ఈ పదాల ఆటలు ఆడుతున్నారు. స్క్రాబుల్‌లో ‘క్యూ’ అక్షరానికి పది పాయింట్లు. పక్కన ‘యు’ లేకుండా దాన్ని వాడగలిగే పొట్టి పదాలు ఆటగాళ్ళకు కంఠతా వచ్చి ఉంటాయి. మంచి ఆటే. ఇలా ఇచ్చిన అక్షరాలకు మాటలు వెతికే పనిని కాగితం, కలం లేకుండా, నిండు సభలో, ఛందస్సు తప్పకుండా చేసే విద్య మన సీమలో ఉంది, అదే అవధానం. ఆ విద్యలో పేరు పొందిన ఆశావాది ప్రకాశరావు పెనుకొండలోనే ఉండేవారు. 1944లో అనంతపురం జిల్లాలో ఒక దళిత కుటుంబంలో పుట్టారు. ప్రొద్దుటూరు శతావధాని సి.వి. సుబ్బన్న దగ్గర అవధాన విద్య నేర్చుకున్నారు. పెనుకొండ ప్రభుత్వ డిగ్రీ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. 2021లో పద్మశ్రీ వచ్చింది, 2022 ఫిబ్రవరిలో కన్నుమూశారు.

అవధానిని మెచ్చుకునేవాళ్ళు సాధారణంగా జ్ఞాపకశక్తినే మెచ్చుకుంటారు. నాకు మాత్రం అంతకన్నా గొప్పగా తోచేది మాటల అతుకులు ఎక్కడున్నాయో కనిపెట్టే ఆ చెవి. అది బాగా తెలిసేది దత్తపదిలో. ప్రశ్న వేసే పృచ్ఛకుడు నాలుగు మాటలిస్తాడు. అవి చాలాసార్లు ఇంగ్లీషు మాటలే. వాటిని వాటి అర్థంలో కాక అన్యార్థంలో వాడి, భారతంలోనో రామాయణంలోనో ఒక ఘట్టం మీద పద్యం చెప్పాలి. ఎవరి పద్యాన్నీ తీసుకోకుండా, పని ఎలా నడుస్తుందో చూపడానికి నేనే నాలుగు మాటలు తీసుకుంటాను: లారీ, సినిమా, మనీ, పెన్ను.

మొదట తేల్చుకోవలసింది ఛందస్సు. ఉత్పలమాల చెవికి ఇంపైనదే, కానీ ఆ పాదంలో ఇరవై అక్షరాలు వరసగా చూడండి: ఎక్కడా రెండు గురువులు, అంటే రెండు మాత్రల అక్షరాలు, పక్కపక్కన రావు. చంపకమాలలోనూ అంతే. ‘లారీ’ రెండూ గురువులే. అంటే ఆ ఒక్క మాటతో రెండు వృత్తాలు పక్కకు పోయాయి. ఉత్పలమాలలో పాదం చివర ‘లా’ పెట్టి, తరువాతి పాదం ‘రీ’తో ఎత్తుకోవచ్చు గానీ అది ఇరుకు దారి. శార్దూలం తీసుకుంటే మూడు గురువులతోనే మొదలవుతుంది, చివరి భాగంలోనూ జంట గురువులున్నాయి. ‘వారలు’ పక్కన ‘ఆ రీతిగాన్’ చేర్చితే సంధి జరిగి ‘వారలారీతిగాన్’ అవుతుంది. పద్నాలుగో అక్షరం నుంచి పంతొమ్మిదో అక్షరం దాకా అది అచ్చంగా సరిపోతుంది. లారీ పదహారు, పదిహేడు స్థానాల్లో కూర్చుంది, పాదం కూడా పూర్తయింది. వినేవాడికి ‘వాళ్ళు ఆ విధంగా’ అన్న అర్థమే తోస్తుంది. ఇచ్చిన మాట ఎక్కడ ఉందో తోచక పృచ్ఛకుడు ఒక్క క్షణం వెతుక్కోవాలి.

‘సినిమా’ రెండు లఘువులు (ఒక మాత్ర అక్షరాలు), ఒక గురువు. ‘తాపసిని’ పక్కన ‘మా’తో మొదలయ్యే మాట పెడితే అది దొరుకుతుంది. శార్దూలంలో ఎనిమిదో స్థానం నుంచి ‘తాపసిని మాయామోహ’ అని నడిపిస్తే ‘సినిమా’ పది నుంచి పన్నెండు దాకా ఉంటుంది, పదమూడోది ‘యా’ అవుతుంది. అది యతిస్థానం, పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదరాల్సిన చోటు. కనుక ఆ పాదం యా, ఆ, హా వంటి అక్షరంతో మొదలు కావాలి. ఎక్కడో నడుమ ఇరికించిన ఇంగ్లీషు మాట పాదం మొదటి అక్షరాన్ని నిర్ణయిస్తుంది! ‘మనీ’కి అంత కష్టం లేదు, ‘మనీషి’ ఉంది. లఘువు, గురువు, లఘువు కాబట్టి ఏడు, ఎనిమిది, తొమ్మిది స్థానాల్లో హాయిగా కూర్చుంటుంది. ‘పెన్ను’కు నాకు నచ్చినది ‘పెన్నుద్ది’. గట్టి జోడీ అని అర్థం, భీమ దుర్యోధనుల ఘట్టానికి చక్కగా అతుకుతుంది. శార్దూలంలో పదహారో స్థానం నుంచి పెట్టవచ్చు. ఒకవేళ ఉత్పలమాలే రాయాల్సి వస్తే ‘పెన్నుద్ది’ కుదరదు, రెండు గురువులు పక్కపక్కన వస్తాయి. అప్పుడు ‘పెన్నురము’ ఉంది: ఒక గురువు, మూడు లఘువులు, ఆరో స్థానం నుంచి తొమ్మిది దాకా.

ఇదంతా నేను కాగితం మీద గళ్ళు గీసుకుని చూశాను. అవధాని ఈ లెక్క మనసులోనే వేస్తారు. ఒక పాదం చెప్పగానే సమస్య ఇచ్చినవారి దగ్గరికి, వర్ణన అడిగినవారి దగ్గరికి వెళ్ళాలి. మధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసేవారు ఏదో ఒకటి అడుగుతూనే ఉంటారు. ఆ చుట్టు (ఆవృతం) పూర్తయి తిరిగి వచ్చేసరికి రెండో పాదం సిద్ధంగా ఉండాలి.

న్యస్తాక్షరి దీనికి దగ్గరి చుట్టం. ఫలానా పాదంలో ఫలానా స్థానంలో ఫలానా అక్షరం అంటారు. తెలిసిన పృచ్ఛకుడు ఏ స్థానం అడుగుతాడో గమనించాలి. రెండో స్థానం అడిగితే అది ప్రాస, నాలుగు పాదాల్లోనూ అదే హల్లు రావాలి కనుక నాలుగూ ముడిపడతాయి. ఉత్పలమాలలో పదో స్థానంలో ‘ధి’ అడిగాడనుకుందాం. అక్కడ గురువు ఉండాలి, ‘ధి’ ఒంటిగా లఘువు. కాబట్టి పక్కన సంయుక్తాక్షరం రావాలి, ‘ధిక్కృతి’ లాంటిది. అదే యతిస్థానం కూడా, కనుక పాదం ‘దే’, ‘తీ’ వంటి అక్షరంతో ఎత్తుకోవాలి. పృచ్ఛకుడు అడిగింది ఒక్క అక్షరం, అవధాని తీర్చింది మూడు నిబంధనలు.

నిషిద్ధాక్షరిలో ఇంకా దగ్గరగా కుస్తీ. సాధారణంగా కందంలో సాగుతుంది. అవధాని ‘శ్రీ’ అంటారు. తరువాత ‘రామ’ వస్తుందని ఊహించి పృచ్ఛకుడు ‘ర’ నిషేధిస్తాడు. అవధాని ‘మ’ అంటారు. ‘శ్రీమంత’, ‘శ్రీమతి’ రాకుండా ‘త’ నిషేధం. ‘హి’ అంటారు. ‘మహిత’ రావచ్చని మళ్ళీ ‘త’ నిషేధం. ‘మ’ అంటారు, ‘శ్రీమహిమ’ అయింది. ‘శ్రీమహి’ భగణం, కందానికి సరిపోయింది. పృచ్ఛకుడి మొదటి నిషేధంతోనే ప్రాసాక్షరం ‘మ’గా స్థిరపడిపోయిందన్న సంగతి చూడండి. అంతేకాదు, పద్యం గురువుతో మొదలైంది కనుక మిగిలిన మూడు పాదాలూ గురువుతోనే మొదలు కావాలి. దారి మూసుకుపోయినప్పుడు ఏకాక్షర పదాలు ఆదుకుంటాయి: ‘క’ అంటే బ్రహ్మ, ‘ఖ’ అంటే ఆకాశం, ‘మా’ అంటే లక్ష్మి. ఇవి అతిగా వాడితే పద్యం పొడుపుకథ అయిపోతుంది. మంచి అవధాని వాటిని తప్పనిసరైతేనే ముట్టుకుంటారు.

తిరుపతి వెంకట కవులు ఈ విద్యను ఊరూరా తిప్పి జనానికి దగ్గర చేశారు. సీమలో సుబ్బన్న, ఆశావాది వంటివారు దాన్ని నిలబెట్టారు. నల్లచెరువు పిల్లల్లో పదాల ఆట మీద మోజున్నవాళ్ళు ఒక్కటి చేసి చూడాలని నా కోరిక. తెల్ల కాగితం మీద శార్దూల పాదానికి పంతొమ్మిది గళ్ళు గీసి, గురువుల గళ్ళకు రంగు వేసి, ‘కారు’ను ఎక్కడ పెట్టవచ్చో వెతకండి. ‘కారుమబ్బు’ ఉంది, ‘వారు పరులు కారు’ ఉంది. మూడోది మీరే కనిపెట్టండి.