ఏడుకీ ఎనిమిదికీ మధ్య

మనలి అనగానే చెన్నైవాళ్ళకు రిఫైనరీ పొగగొట్టాలే కళ్ళకు కడతాయి. వాగ్గేయకారుడు ముత్తుస్వామి దీక్షితుల చిన్నతనం అక్కడే గడిచిందంటే మా వీధి పిల్లలు నమ్మరు. మనలి ముదలియార్లు పిలిచి ఆదరించిన కుటుంబం అది. తండ్రి రామస్వామి దీక్షితులు 108 రాగతాళాలతో తెలుగులో మాలిక కట్టారు. కొడుకేమో మద్రాసు కోటలో ఇంగ్లీషు బ్యాండు వాయించే మెట్లు విని, వాటికి సంస్కృత సాహిత్యం అమర్చారంటారు. అవే నోట్టుస్వరాలు. ఇంగ్లండు రాజును కీర్తించే పాట మెట్టులోనూ అమ్మవారి స్తుతి చేశారు. కొత్త వినోదాన్ని ముట్టుకోవడానికి ఆయనకు మడి అడ్డురాలేదు. కాబట్టి వీడియో గేములతో నాట్యమేమిటని ముక్కు విరిచేవాళ్ళ పక్షాన నేను లేను.

నా పేచీ వేరే. 2009లో వచ్చిన జస్ట్ డాన్స్ మొదలుకొని ఈ ఆటలన్నిటిదీ ఒకటే వరస: తెరమీది బొమ్మ చేసినట్టు చెయ్యి, మార్కులు పట్టుకెళ్ళు. 2010లో కైనెక్ట్ కెమెరా వచ్చాక ఒంటి కదలికనే కొలవడం మొదలైంది. ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు దానితోనే భరతనాట్యం అడవులను, అంటే అడుగుల కూర్పులను, గుర్తుపట్టించే ప్రయత్నం చేశారు. మెచ్చుకోవలసిందే. కానీ తొలి కైనెక్ట్ ఒంట్లో ఆనవాలు పట్టేది 20 చోట్లే. వేళ్ళు అందులో లేవు. హస్తముద్రల్లో పతాకానికీ త్రిపతాకానికీ తేడా మడిచిన ఉంగరపు వేలొక్కటే! ఇక చూపు సంగతి అడక్కండి. సత్యభామ జడ తిప్పింది గర్వంతోనో, ఉక్రోషంతోనో తెలియని యంత్రం నూటికి తొంభై వేసి పంపిస్తే, ఆ పిల్లకు అభినయం ఎప్పుడు పట్టుబడాలి?

యంత్రం తడబడకుండా పట్టుకోగలిగింది కాలాన్ని. అందుకే ఆటకు నాట్యాన్ని కాదు, తాళం వేస్తూ జతులు చెప్పే నట్టువాంగాన్ని ఇవ్వాలంటాను. ఆదితాళం ఆవర్తనానికి ఎనిమిది అక్షరాలు. దానిమీద ఏడక్షరాల జతిని ఆపకుండా వేసుకుంటూ పోతే, మొదటి ఆవర్తనంలోనే ఒక అక్షరం ముందు జతి అయిపోతుంది. రెండోసారికి రెండు. మళ్ళీ సమానికి, అంటే తాళం ఎత్తుగడకు, చేరడం 56వ అక్షరం దాటాకే. చెయ్యి తాళం తప్పకూడదు, కాలు జతి వదలకూడదు. ఫోనులో పొద్దస్తమానం లెవెళ్ళు దాటే పిల్లలకు ఇంతకంటే పంతం పెంచే చిక్కు ఇంకేం కావాలి? తిశ్రం, ఖండం, సంకీర్ణం తరువాతి లెవెళ్ళు. దీనికి ఖరీదైన కెమెరా కూడా అక్కర్లేదు. కైనెక్ట్ తయారీ 2017లోనే ఆగిపోయింది. నేలమీద పడ్డ పాదం చప్పుడు వినడానికి ఫోను మైకు చాలు. కింది వాటావాళ్ళను మాత్రం ముందే అడిగిపెట్టుకోవాలి.