పట్వర్ధనుని చిత్రములు వాదమా, వితండయా?

న్యాయశాస్త్రమునఁ గథ మూఁడు విధములు. తత్త్వనిర్ణయమునకై సాగునది వాదము. గెలుపే ప్రయోజనముగాఁ గలది జల్పము. స్వపక్షమును స్థాపింపక పరపక్షఖండనముతోనే నిలుచునది వితండ. తాళపత్రముల మీఁదఁ గాక కెమెరాతో నడుపఁబడు వివాదమునకును ఈ విభాగము వర్తించునని ఆనంద పట్వర్ధనుని డాక్యుమెంటరీ చిత్రములు చూచినవారికిఁ దోఁపక మానదు. 1950 లో బొంబాయిలో జన్మించిన యీతని కృతులు వట్టి వితండలని నిందించువారు గలరు. సత్యమునకుఁ బ్రమాణములని కొనియాడువారును గలరు. ఉభయుల మాటయుఁ బరీక్షింపఁదగినది.

ఈతని తొలికృతులలోఁ బ్రసిద్ధమైనది, జయప్రకాశ నారాయణుని బీహారు ఉద్యమమును గూర్చిన 'క్రాంతి కీ తరంగే'. 1975 లో అత్యయిక పరిస్థితి ప్రకటింపఁబడిన పిమ్మట నా చిత్రమును ఖండములుగాఁ గోసి రహస్యముగా విదేశములకుఁ బంపవలసివచ్చెను. రాజకీయ ఖైదీలను గూర్చిన 'జమీర్ కే బందీ' 1978 లో వెలువడెను. 1985 నాఁటి 'హమారా శహర్' బొంబాయి గుడిసెల కూల్చివేతను జూపును. అందొక పేదరాలు చిత్రకారునే నిలఁదీసి, మా బొమ్మలు తీసి పేరు సంపాదించుకొనుటకే వచ్చితివని దూఱును. ఆతఁ డా మాటను గత్తిరింపక యుంచెను. తనపైఁ గల యాక్షేపమును దన గ్రంథముననే చేర్చికొనుట భాష్యకారుల మార్గము.

'రామ్ కే నామ్' (1992) అను చిత్రమునకు 1990 నాఁటి రథయాత్రయు, అయోధ్యావివాదమును విషయములు. రాముఁ డే శతాబ్దమునఁ బుట్టెనని యువకుల నడిగి, వారు చెప్పలేకపోవుటను జూపు ఘట్ట మిందుఁ గలదు. ఇది జల్పము. భక్తికిఁ గాలనిర్ణయ మాధారము గాదు. పూర్వపక్షమును దెలియనివాని నోటఁ బెట్టి గెలుచుట గెలుపు గాదు. అయినను న్యాయస్థాననియుక్తుఁడైన పూజారి లాల్‌దాసు పలుకులచే నీ దోషము చాలవఱకుఁ దీఱినది. రాముని యర్చకుఁడై యుండియే యాతఁడు ద్వేషమును నిరసించును. స్వపక్షస్థాపనము కన్పట్టుచుండఁగా వితండ యను నింద నిలువదు. లాల్‌దాసు 1993 లో హత్యకు గుఱియయ్యెను.

వాదలక్షణము సంపూర్ణముగాఁ గలది 'జై భీమ్ కామ్రేడ్'. 1997 లో బొంబాయి రమాబాయి నగరమున జరిగిన పోలీసు కాల్పులలోఁ బదిమంది దళితులు మరణించిరి. ఆ దుఃఖమున గాయకకవి విలాస్ ఘోగ్రే ఆత్మహత్య చేసికొనెను. ఎఱ్ఱజెండా పాటలు పాడిన యాతఁడు మరణవేళ నీలివస్త్రమును దలకుఁ గట్టుకొనెను. ఏల? ఈ ప్రశ్నను వెంబడించి పట్వర్ధనుఁడు 14 సంవత్సరములు గడపెను. ఘోగ్రేను అతని వామపక్ష బృందమే యొకప్పుడు తొలఁగించిన సంగతిని దాఁచక చెప్పెను. తన కభిమతమైన పక్షమునే ప్రశ్నించుట గెలుపుఁ గోరువాని పని గాదు, సత్యముఁ గోరువాని పని.

ఇట్టి చిత్రములకుఁ బ్రతిపక్షుల యుత్తర మెట్టిది? అణ్వస్త్రపరీక్షలను విమర్శించిన 'జంగ్ ఔర్ అమన్' (2002) నందు సెన్సారువారు పెక్కు కత్తిరింపులు కోరిరి. 2003 లో బొంబాయి హైకోర్టు వానిని ద్రోసిపుచ్చెను. మఱియొక చిత్రమును దూరదర్శనమునఁ బ్రసారము చేయుటకు 2006 లో సుప్రీముకోర్టు తీర్పు కావలసివచ్చెను. తెలుగునేలను సైతము, 2019 లో హైదరాబాదు విశ్వవిద్యాలయమున 'రామ్ కే నామ్' ప్రదర్శింపఁబూనిన విద్యార్థులను బోలీసులు పట్టుకొనిపోయిరి.

నిగ్రహస్థానములు 22 అని శాస్త్రము. అందు ఉత్తరము తోఁపకుండుట 'అప్రతిభ'. ప్రతిచిత్రము నిర్మింపక ప్రదర్శనమునే మాన్పించువా రీ స్థానముననే చిక్కియున్నారు. పట్వర్ధనుని జల్పాంశమును ఖండింపఁగోరు పండితునకైనను ముందు చిత్రమును జూడ నవకాశము కావలెను.