ముయే థాయ్: నిలకడ నేర్పే విద్య

జమ్మికుంటలో థాయిలాండ్ యుద్ధవిద్య ముయే థాయ్ నేర్చుకోవాలనుకునే పిల్లలు ముందు చూసేది ఫోన్లో వీడియోలే. వాటిలో మోచేతి దెబ్బ, మోకాలి దెబ్బ కనపడతాయి. ఆ దెబ్బల వెనక ఉన్న నిలకడ అంత తొందరగా కంటికి ఆనదు. ఈ విద్యలో మొదట పట్టుకోవాల్సింది దాన్నే.

రెండు పిడికిళ్లు, రెండు మోచేతులు, రెండు మోకాళ్లు, రెండు కాళ్లు కలిపి థాయిలాండ్‌లో దీన్ని ఎనిమిది అంగాల విద్య అంటారు. పక్కనుంచి కొట్టే తన్ను సంగతే చూద్దాం. కొత్తవాళ్లు మోకాలి దగ్గర్నుంచి కాలు విసిరి పాదంతో కొడతారు. దానికి బరువుండదు, పైగా పాదంలోని చిన్న ఎముకలు దెబ్బతింటాయి. గురువు నేర్పే పద్ధతి వేరు. ముందుకాలు కొంచెం పక్కకు వేసి, మునివేళ్ల మీద లేచి, మడమ ఎదుటివాడి వైపు వచ్చేలా ఒళ్లంతా తిప్పాలి. తుంటి తిరిగితే కాలు దాని వెంట వస్తుంది. తగలాల్సింది మోకాలికీ పాదానికీ నడుమనున్న ఎముక. ఒక చెయ్యి కిందికి ఊగినా, రెండోది ముఖాన్ని కాస్తూనే ఉండాలి. మన పత్తి మార్కెట్లో హమాలీ బస్తా ఎత్తేటప్పుడు చేతులు పట్టుకోవడం వరకే, లేపేది కాళ్లూ నడుమూ. తన్నులోనూ అంతే.

దగ్గరికి వచ్చాక మెడపట్టు మొదలవుతుంది. ఎదుటివాడి తల వెనక అరచేతులు వేసి, మోచేతులు దగ్గరికి తెచ్చి, అటూ ఇటూ లాగుతూ మోకాలితో పొడుస్తారు. తూలినవాడి పని అయిపోయినట్టే. దెబ్బ తిన్నా చెదరకుండా నిలబడ్డవాడికి న్యాయనిర్ణేతలు కూడా విలువిస్తారు.

పోటీకి ముందు ఆటగాడు మోకరిల్లి మూడుసార్లు మొక్కి, సన్నాయిలాంటి వాద్యం, డోళ్లు, తాళాల నడుమ గురువందన నాట్యం చేస్తాడు. తలకు కట్టిన పవిత్ర పట్టీని గురువే తీస్తాడు. 1774లో బర్మా రాజు ముందు వరసగా పదిమందిని ఓడించాడని చెప్పే థాయ్ యోధుడు నాయ్ ఖనోమ్ తోమ్‌ను థాయిలాండ్ వాళ్లు ఏటా మార్చి 17న తలుచుకుంటారు. ఒకప్పుడు చేతులకు తాళ్లు చుట్టుకుని కొట్టుకున్న ఈ ఆటకు 20వ శతాబ్దంలో గ్లౌజులు, రింగు, రౌండ్లు వచ్చాయి. 2021లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ పూర్తి గుర్తింపు ఇచ్చింది.

పిల్లల్ని చేర్పించే తల్లిదండ్రులకు ఒక మాట. వచ్చీరాగానే పోటీకి దింపే చోటు వద్దు. అడుగులు దిద్ది, పళ్లకూ కాళ్లకూ రక్షణ పెట్టి, తల మీద దెబ్బలు పడనివ్వని గురువును వెతకండి. ఊళ్లో కర్రసాము తెలిసిన పెద్దలుంటే వాళ్ల దగ్గరికీ పంపండి. అడుగు, నడుము, చూపు అక్కడా నేర్పుతారు. అవి కుదిరిన పిల్లలకు ఏ సాము అయినా తొందరగా పట్టుబడుతుంది.